జాబితాలో మిగిలిన గసగసాలు

కొత్తరేవు బస్టాండు వెనక కర్రీ పాయింట్ నడిపే నూకరత్నానికి రెండు సంగతుల్లో ఎప్పుడూ అనుమానం లేదు. ఒకటి, తన కోడికూరకి ఆ చుట్టుపక్కల సాటి లేదని. రెండు, తమ్ముడు దొరబాబు దగ్గుమందు తాగేది దగ్గు తగ్గడానికి కాదని.

దొరబాబుకి దగ్గు లేదు. పుట్టి ఇరవై ఎనిమిదేళ్లయినా గట్టిగా ఒక్కసారి దగ్గిన పాపాన పోలేదు. అయినా రోజుకి నాలుగు సీసాలు ఖాళీ చేస్తాడు. మొదటి సీసా తాగితే ఆటో తిన్నగా పోతుందంటాడు. రెండోది తాగితే రోడ్డే తిన్నగా అవుతుందంటాడు. మూడోదీ నాలుగోదీ ఎందుకో చెప్పే స్థితిలో ఉండడు. ఆ సీసాలు అమ్మేది ఆటోస్టాండుకి ఎదురుగా ఉన్న ఆరోగ్యరథం మెడికల్స్. దాని యజమాని ప్రకాశం నుదుటి మీద జానెడు విభూతితో ఉంటాడు. ఆటో ఆగిన చప్పుడు వినగానే అడక్కుండా సీసా మూత తీసి పెట్టేంత సేవాగుణం ఉన్నవాడు.

తల్లి పోతూ పోతూ దొరబాబుని నూకరత్నం చేతిలో పెట్టి పోయింది. అక్కే తిండి పెట్టింది, చదువు చెప్పించబోయింది, అది ఎక్కకపోతే ఆటో కొనిచ్చింది. ఇప్పుడు వాడు కళ్ల ముందే కరిగిపోతుంటే ఆవిడ ఊరుకోలేదు. బతిమాలింది. తాళాలు దాచింది. నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు కూడా వాడు నవ్వుతూనే మింగేశాడు. చివరికి ఓ రోజు గరిటె పట్టుకుని ప్రకాశం షాపు మీదకే వెళ్లింది.

"కొనేవోడు కొంటన్నాడు, అమ్మేవోణ్ణి నేను అమ్ముతున్నాను. మజ్జిలో నీ గరిటేంటక్కా?" అన్నాడు ప్రకాశం, ఎంతో శాంతంగా.

దాంతో నూకరత్నం సోమవారం అర్జీ పెట్టింది. నాలుగు వాక్యాల అర్జీ. నాలుగో వాక్యం 'కావున సదరు షాపు మూయించ ప్రార్థన.'

అర్జీ అందుకున్నవాడు జిల్లా ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు. ఆయన ఏ కాగితాన్నీ ఒక్కసారి చదవడు. మొదటిసారి చదివితే విషయం తెలుస్తుంది. విషయం తెలిస్తే పని చెయ్యాల్సి వస్తుంది. అందుకని రెండోసారి చదువుతాడు. అప్పటికి విషయం పోయి విధానం కనిపిస్తుంది.

"అమ్మా, మీరు కోరుతున్నదేమిటి?"

"ఆ షాపు మూయించండి బాబూ. అంతేనండి."

"అంతే అనరాదు. షాపు మూయాలంటే అక్కడ మత్తు పదార్థం అమ్మాలి. అమ్మేది మత్తు పదార్థమా కాదా అన్నది తేలాలంటే అసలు మత్తు పదార్థమంటే ఏమిటో తేలాలి. అది తేలాలంటే సంబంధిత వర్గాలన్నిటి అభిప్రాయాలనూ క్రోడీకరించాలి. మీరు చాలా మౌలికమైన ప్రశ్న లేవనెత్తారు. జిల్లా యంత్రాంగం తరఫున అభినందనలు."

నూకరత్నానికి సగం అర్థమైంది. ఆ సగంలో అభినందనలు ఉన్నాయి కాబట్టి పని అయిపోయిందనుకుని సంతోషంగా ఇంటికి వచ్చింది.

వారం తిరక్కుండా 'మత్తు పదార్థాల నిర్వచన సంఘం' ఏర్పడింది. అధ్యక్షులు త్రివిక్రమరావు గారే. మొదటి సమావేశం టౌన్ హాల్లో అని తెలిసి, నూకరత్నం పట్టుచీర కట్టుకుని, చెప్పాల్సిన నాలుగు మాటలూ దారి పొడుగునా వల్లించుకుంటూ వెళ్లింది. గుమ్మంలోనే ఆపింది సీనియర్ అసిస్టెంట్ మంగతాయారు. ముప్పై ఏళ్లుగా రూల్సు పుస్తకాన్ని విసనకర్రగా వాడుకుంటున్న మనిషి. చెడ్డది కాదు, పుస్తకంలో లేని మాట మాట్లాడదంతే.

"ఏ సంఘం తరఫున?"

"సంఘమేటండి? అర్జీ నాదేనండి. మా తమ్ముడి గురించండి."

"అర్జీదారు వ్యక్తి. సంఘం వర్గాలను సంప్రదిస్తుంది గానీ వ్యక్తులను సంప్రదించదు. రిజిస్టరైన సంఘం ఉందా మీకు?"

"అక్కాతమ్ముళ్లకి సంఘమెక్కడిదండి?"

"అయితే మాట్లాడ్డానికి లేదు." అని, ఆవిడ మొహం చూసి, కాస్త గొంతు తగ్గించింది మంగతాయారు. "లోపల కూర్చోవాలంటే ఒకటే దారి. మధ్యాహ్న భోజనం సరఫరాకి ఎవరూ ముందుకి రాలేదు. నీ కూర బాగుంటుందటగా."

అలా నూకరత్నం తన అర్జీ మీద జరిగే చర్చలో వడ్డించడానికి ప్రవేశించింది. అధికారులు నమూనా కూర రుచి చూశారు. ధనియాలు, లవంగం వేయించి, ఎండుకొబ్బరీ గసగసాలూ మెత్తగా నూరి ముద్ద కలిపిన కోడికూర. త్రివిక్రమరావు గారు గరిటెడు వేయించుకుని కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచాక ఫైలు తెప్పించి, 'కోడికూర, గసగసాలు-కొబ్బరి ముద్దతో, నమూనా ప్రకారము, సంఘ కాలపరిమితి పర్యంతము' అని రాయించి స్వయంగా సంతకం పెట్టారు. ఆ సంఘం తిరుగులేకుండా తీసుకున్న మొదటి నిర్ణయం అదే.

ఇక జాబితా. మంగతాయారు బీరువాలో దొరికిన ఓ పాత గెజిట్టులోంచి దాన్ని ఎక్కించింది. సారా, బ్రాందీ విస్కీలు, కల్లు, గుట్కా, దగ్గుమందు, పంక్చర్లకి వాడే సొల్యూషను, గంజాయి, నల్లమందు. అట్టడుగున, చిమ్మెటలు కొరికేసిన అంచున, 'నల్లమందు మొక్క నుండి వచ్చు గసగసాలు.' దగ్గుమందు అయిదోది. కూరగిన్నె పట్టుకుని నిలబడ్డ నూకరత్నం ఆ అయిదో అంకెనే చూస్తూ ఉండేది.

మొదట వచ్చింది మద్యం దుకాణాల సంఘం. వాళ్లు ఉత్తచేతుల్తో రాలేదు. హాలుకి షామియానా, అధికారులకి పెన్నులు, గోడ మీద పెద్ద బ్యానరు వాళ్లవే. బ్యానరు మీద 'మత్తు మనకొద్దు' అని, కింద 'సౌజన్యం: మద్యం దుకాణాల సంఘం' అని ఉంది. అధ్యక్షుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మద్యం మత్తు పదార్థమే అయితే సర్కారు లైసెన్సు ఇత్తాదా అండి? సర్కారంటే మనకి తల్లీ తండ్రీ కదండి. ఏ తల్లయినా బిడ్డకి మత్తు పోత్తాదా, ఆయ్?"

త్రివిక్రమరావు గారి కళ్లు చెమర్చాయి. 'మద్యమును రాబడి పదార్థముగా గుర్తించడమైనది' అని మినిట్స్‌లో పడింది. సారా, బ్రాందీ, విస్కీ ఒక్క గీతతో పోయాయి.

అసలైన మత్తు కల్లేనని మద్యం వాళ్లు చెవిలో వేసి వెళ్లారు. మర్నాడు గీత కార్మికుల సంఘం సాక్ష్యంగా రెండు కుండలు తెచ్చింది. సభ్యులు ఆ సాక్ష్యాన్ని అడుగంటా పరిశీలించి, 'ప్రకృతి ప్రసాదితము' అని తేల్చారు. తేల్చినవాళ్లలో ఇద్దర్ని మోసుకెళ్లి జీపులో కూర్చోబెట్టాల్సి వచ్చింది.

గుట్కా వర్తకులది మరీ సూక్ష్మమైన వాదన. గుట్కా ఎవరూ మింగరు, ఉమ్మేస్తారు. ఉమ్మేసేదాన్ని సేవించడం అనరు. కాబట్టి అది మున్సిపాలిటీ పారిశుధ్య విభాగం పరిధిలోకి వస్తుంది. మున్సిపాలిటీకి ఓ ఉత్తరం రాసి దాన్నీ కొట్టేశారు.

నాలుగోనాడు ప్రకాశం వచ్చాడు. జిల్లా మందుల షాపుల సంఘానికి కార్యదర్శి అతనే అని నూకరత్నానికి అప్పుడు తెలిసింది. 

"దగ్గుమందు అన్న పేరులోనే మందు ఉందండి. మందు రోగాన్ని తగ్గిత్తాదండి," అన్నాడు ప్రకాశం.

"దగ్గు లేనివారు కూడా కొంటున్నారని అర్జీలో ఉంది," అన్నారు అధ్యక్షులు.

"ముందుజాగర్తండి. మా షాపుకి రోజూ వచ్చే ఆటో సోదరులు ఎనభై మంది. ఆళ్లలో ఒక్కడికి దగ్గుంటే ఒట్టండి. ఆ మందు గుణం సూడండి మరి!"

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది ఆ సమాధానం. అధ్యక్షులు మాత్రం తల ఊపారు. నూకరత్నం ఉండబట్టలేక, "బాబూ, ఆడికి దగ్గు పుట్టనే లేదండి! తగ్గడానికేటుందండి?" అంది గట్టిగా.

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. మంగతాయారు పుస్తకం తెరిచింది. "వడ్డించువారు వడ్డనకు సంబంధించిన మాటలు మాత్రమే మాట్లాడవలెను."

"ఇంకొంచెం కూర వెయ్యమంటారా అండి?" అంది నూకరత్నం, గరిటె ఎత్తి.

"వెయ్యమ్మా," అన్నారు త్రివిక్రమరావు గారు. కూర తిన్నాక దగ్గుమందుని 'ముందస్తు ఆరోగ్యము' కింద జాబితా నుంచి తొలగించారు.

ఆ రోజు నూకరత్నం గిన్నెలు తోముకుంటూ ఏడ్చింది. మర్నాడు మళ్లీ వచ్చింది. ఎందుకు వచ్చిందంటే ఆవిడకే తెలీదు. ఇంత మంది పెద్దవాళ్లు ఇంత సేపు మాట్లాడుకుంటున్నారు కదా, ఎక్కడో ఓ చోట పొరపాటునైనా మంచి జరక్కపోతుందా అని ఆశ.

పంక్చరు షాపుల వాళ్లు, సొల్యూషనన్నది ట్యూబు కోసం పుట్టిందే తప్ప మనిషి ముక్కు కోసం పుట్టలేదన్నారు. ఒప్పుకున్నారు. గంజాయికి మాత్రం సంఘం లేదు, ఉన్నా బయటికి రాదు. ఇదొక్కటైనా మిగులుతుందనుకునేలోగా పోలీసు అధికారి లేచాడు.

"మన జిల్లాలో గంజాయి లేదని పోయిన నెలే అధికారికంగా ప్రకటించాం. లేనిదాన్ని జాబితాలో ఉంచితే ఉన్నట్టవుతుంది. ఉన్నట్టయితే మా ప్రకటన తప్పవుతుంది. మా ప్రకటన తప్పవదు."

గంజాయి పోయింది. నల్లమందు ఎలా ఉంటుందో సభ్యుల్లో ఎవరూ చూడలేదు కాబట్టి, చూడనిదాని మీద అభిప్రాయం చెప్పడం అశాస్త్రీయమని అదీ పోయింది. ఇక మిగిలింది చిమ్మెటలు కొరికిన ఆఖరి పంక్తి.

దాన్ని కూడా గీసేయబోతున్న అధ్యక్షుల చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు 'మేలుకొలుపు' వ్యసన విముక్తి కేంద్రం యజమాని భద్రయ్య.

"అయ్యా, ఒక్కటైనా ఉంచండి! మత్తే లేకపోతే మాన్పించేదేంటండి? మా దగ్గర అరవై మంచాలు కాళీగా ఉన్నాయండి!"

పరీక్ష కిట్ల కంపెనీ ప్రతినిధి కూడా లేచాడు. వాళ్లు ఇరవై వేల కిట్లు అప్పటికే దించేశారు. "మాది జాబితాకు తగ్గట్టు నడిచే కిట్టు సార్. జాబితాలో లేనిదాన్ని మా కిట్టు పట్టదు. ఆ గసగసాల జాతిని మాత్రం ఇట్టే పట్టేస్తుంది."

కిరాణా వర్తకుల సంఘం అడ్డం పడుతుందేమోనని వాళ్లనీ పిలిచారు. వాళ్ల అధ్యక్షుడు నవ్వాపుకోలేకపోయాడు. "నిషేధించండి బాబూ, నిషేధించండి! మామూలప్పుడు అరలో అడుగున పడుంటాయండి. నిషేధిస్తే ఒక్కో గింజా ముత్యమే కదండీ."

ఎవరికీ అభ్యంతరం లేని పదార్థం దొరికినందుకు సంఘం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, జిల్లాలో ఉన్న మత్తంతా గసగసాల మీద పడింది.

అప్పటి నుంచి కొత్తరేవులో మొదలైన సందడి చూడాలి. బళ్లలో ప్రార్థన తర్వాత పిల్లలు చెయ్యి చాచి 'గసగసాలు ముట్టను, ముట్టినవారితో మాట్లాడను' అని ప్రతిజ్ఞ చేశారు. మద్యం దుకాణాల సంఘం వారి చొక్కాలు వేసుకుని అయిదు వందల మంది పరుగు పెట్టారు. ముగింపు గీత దగ్గర సంఘం వారే చల్లటి పానీయాలు పోశారు. పోలీసు కుక్క 'భైరవ' పెళ్లిళ్లలో పందిరి కింద తిరిగి, మసాలా వంకాయ దగ్గర ఆగి కూర్చుని, కదలనంది. టీవీలో నిపుణుడు వేలు చూపించి హెచ్చరించాడు: "మొదట చిటికెడు అంటారు. తర్వాత చెంచా అంటారు. చివరికి బిర్యానీ దాకా పోతారు." ఆ మాట విని ఎందరో తల్లులు పిల్లల జేబులు వెతికారు.

దొరబాబు ఈ కార్యక్రమాలన్నిటికీ ఆటోలో మైకు కట్టుకుని ప్రచారం చేశాడు. ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో సీసా. "గసగసాలకు దూరం, అదే యువతకు ద్వారం" అని అరుస్తూ ఆటోని తిన్నగా తీసుకెళ్లి డివైడరు ఎక్కించాడు.

నూకరత్నానికి ఇంకో భయం పట్టుకుంది. రోజూ సంఘానికి తను పెట్టే కూరలో ఉన్నది గసగసాలే. మంగతాయారుని పక్కకి పిలిచింది.

"అమ్మగారూ, ఇక కూరలో ఆ ముద్ద మానేద్దునాండి?"

మంగతాయారు ఫైలు తీసింది. "మెనూ మంజూరైంది. గసగసాలు-కొబ్బరి ముద్ద, సంఘ కాలపరిమితి పర్యంతము. మార్చాలంటే ఉన్న మెనూ రద్దు చెయ్యాలి, మళ్లీ నమూనా, మళ్లీ రుచి, మళ్లీ సంతకం. ఇదంతా అవడానికి నెల పడుతుంది."

"మరి నిషేధించారు కదండి?"

"నిషేధం వేరే ఫైలు."

నూకరత్నం మర్నాడూ గసగసాలు నూరింది. మంజూరు పత్రం చూపిస్తే భైరవ కూడా దారి ఇచ్చింది.

ఆఖరికి జిల్లాని మత్తురహితంగా ప్రకటించే రోజు వచ్చింది. టౌన్ హాలు క్రిక్కిరిసిపోయింది. భద్రయ్య కోరిక మీద ఆ పొద్దున్నే ఒక నిబంధన చేశారు. పరీక్షలో ఎర్రగీత వచ్చినవారిని అక్కడికక్కడే వ్యానెక్కించి, నలభై రోజులు కేంద్రంలో ఉంచాలి. ఇష్టాయిష్టాలు అడగరాదు. ఇంత గొప్ప నిబంధనకి మినహాయింపులుంటే బాగుండదని త్రివిక్రమరావు గారు తమ చేత్తోనే 'హోదాతో నిమిత్తము లేకుండా' అని చేర్చారు.

ముందు భోజనాలయ్యాయి. ఆ రోజు ప్రత్యేకమైన రోజు కాబట్టి అధికారులు కూర మూడేసి సార్లు వేయించుకున్నారు. తర్వాత ఆదర్శంగా ఉండాలని వాళ్లే మొదట ప్లాస్టిక్ కప్పులు పట్టుకుని వరస కట్టారు. అనుమానితుల కోటా కింద ఆటోస్టాండు నుంచి పదిమందిని తెచ్చి వెనక నిలబెట్టారు. అందులో దొరబాబు ఒకడు. మధ్యాహ్నానికే మూడో సీసా పూర్తి చేసి, గోడకి ఆనుకుని, గోడనే తోస్తున్నాడు.

కిట్ల కంపెనీ ప్రతినిధి మైకులో చదవడం మొదలుపెట్టాడు.

"శ్రీ త్రివిక్రమరావు గారు, ప్రత్యేకాధికారి." గొంతు సవరించుకున్నాడు. "ఎర్రగీత."

హాలు నవ్వింది. మైకు వాడు తమాషా చేస్తున్నాడనుకున్నారు.

"పోలీసు అధికారి గారు, ఎర్రగీత. పారిశుధ్య విభాగం, ఎర్రగీత. మత్తు నిపుణులు గారు... రెండు ఎర్రగీతలు." రెండోది ఎందుకు వచ్చిందో కంపెనీకీ తెలీదు. "సీనియర్ అసిస్టెంట్ మంగతాయారు గారు, పచ్చగీత." ఆవిడ మొదటి రోజు నుంచీ పెరుగన్నమే తింటోంది.

"ఇది కుట్ర!" అన్నారు త్రివిక్రమరావు గారు. "ఈ నిబంధన నాకెలా వర్తిస్తుంది? నేను దాన్ని రాసినవాణ్ణి!"

"హోదాతో నిమిత్తము లేకుండా," అని చదివింది మంగతాయారు. ముప్పై ఏళ్లలో ఆవిడ గొంతు అంత తియ్యగా ఎవరూ వినలేదు.

భద్రయ్య మనుషులు వచ్చి ఒక్కొక్కరినీ సగౌరవంగా రెక్క పట్టుకుని వ్యానెక్కించారు. మంచాలు నిండుతున్నందుకు భద్రయ్యకి ఆనందబాష్పాలు ఆగలేదు. పోలీసు అధికారి వ్యాను కిటికీలోంచి భైరవని పిలిచాడు. అది ఆయన చేతిని వాసన చూసి, అక్కడే కూర్చుని, కదలనంది.

"ఆటో డ్రైవరు దొరబాబు," అని చదివాడు ప్రతినిధి. "పచ్చగీత! పూర్తిగా శుద్ధం!"

చప్పట్లతో హాలు దద్దరిల్లింది. సిద్ధంగా ఉన్న శాలువా ఎవరికో ఒకరికి కప్పాలి కాబట్టి దొరబాబుకి కప్పారు. 'మత్తురహిత యువకుడు' అని రాసిన సర్టిఫికెట్టు చేతిలో పెట్టారు. వాడు ముందుకి తూలి, కాసేపు అలాగే ఉండిపోయాడు. ఎంత వినయం అన్నారు జనం. మాట్లాడమని మైకు ఇస్తే దాన్ని సీసా అనుకుని ఎత్తి పట్టుకున్నాడు.

నూకరత్నం ఖాళీ కూరగిన్నెల మధ్య కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది.

ఆ సాయంత్రం దొరబాబు కర్రీ పాయింట్ మెట్ల మీద కూర్చుని, శాలువా తీసి పక్కన పెట్టి, చాలా రోజుల తర్వాత అక్క మొహంలోకి సూటిగా చూశాడు.

"అక్కా, చెయ్యి ఒణుకుతోందే. పొద్దున ఆటోలో బడి పిల్లలున్నారు. డివైడరెక్కింది మళ్లీ. ఆళ్లకేవీ అవలేదు గానీ... నన్నెక్కడైనా పడెయ్యవే. నావల్ల నాకు అవ్వట్లేదు."

నాలుగేళ్లుగా ఈ మాట కోసమే ఎదురుచూసిన నూకరత్నం ఆ క్షణంలోనే వాడి చెయ్యి పట్టుకుని 'మేలుకొలుపు' కేంద్రానికి లాక్కెళ్లింది. గేటు దగ్గరే భద్రయ్య సర్టిఫికెట్టు చదివి, చేతులు జోడించాడు.

"సర్కారు శుద్ధుడన్న మనిషిని నేను చేర్చుకుంటే సర్కారు మాట తప్పన్నట్టు కదమ్మా. ఎర్రగీత ఉంటేనే ప్రవేశం. అయినా మంచాలన్నీ అధికారులతో నిండిపోయాయి."

"రోజుకి నాలుగు సీసాలు తాగుతాడండి బాబూ!"

"దగ్గుమందేగా. అది ముందస్తు ఆరోగ్యం."

అధికారులు మాత్రం లోపల రెండు రోజుల కంటే ఉండలేదు. మూడో నాడు సవరణ ఉత్తర్వు వచ్చింది. 'గెజిటెడ్ హోదా మరియు ఆపై వారి విషయమున గసగసాలను ఆహారముగాను, ఇతరుల విషయమున మత్తు పదార్థముగాను పరిగణించవలెను.' కూరలో గసగసాలు ఎలా వచ్చాయని విచారణ వేశారు గానీ, మంజూరు కాగితం మీద సంతకం అధ్యక్షులదే కావడంతో ఆ ఫైలు దొరకడం మానేసింది. అరవై మంచాలూ మళ్లీ ఖాళీ అయ్యాయి. భద్రయ్య మళ్లీ దిగులుపడ్డాడు.

ఖాళీ మంచాల సంగతి చెవిన పడగానే నూకరత్నం బుర్రలో దీపం వెలిగింది. తిన్నగా కిరాణా కొట్టుకి వెళ్లింది. గసగసాలు అనగానే కొట్టువాడు షట్టరు సగం దించేశాడు. ఇప్పుడు తమ దగ్గర ఉండవని, ఉన్న చోటు ఒకటే అని, కళ్లతో రోడ్డు అవతలికి చూపించాడు. అవతల ఉన్నది ఆరోగ్యరథం మెడికల్స్.

బల్ల మీద దగ్గుమందు సీసాలు బారులు తీరి ఉన్నాయి. వచ్చినవాడు వచ్చినట్టు పట్టుకుపోతున్నాడు. నూకరత్నం బల్ల మీదకి వంగింది.

"ప్రకాశం, గసగసాలున్నాయా?"

ప్రకాశం మొహం పాలిపోయింది. రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. "మెల్లగా అనక్కా! నా కొంప ముంచుతావేంటి? డాక్టరు చీటీ ఉందా?"

"తమ్ముడి సీసాలకి ఆణ్ణెప్పుడన్నా చీటీ అడిగావా?"

"అది మందక్కా. ఇది మత్తు. అమ్మేవోడికీ ఓ మనసుంటాది," అన్నాడు ప్రకాశం నొచ్చుకుని. అయినా చివరికి గల్లాపెట్టె వెనక నుంచి పేపరు పొట్లం తీసి, పిడికిట్లో దాచి, ఆవిడ పిడికిట్లోకి మార్చాడు. నూకరత్నం దాన్ని కొంగున ముడేసుకుని, సందులమ్మట ఇల్లు చేరింది.

మూడు రోజులు దొరబాబుని గదిలోంచి కదలనివ్వలేదు. పొద్దునా కోడికూరే, మధ్యాహ్నమూ కోడికూరే. మామూలుగా వేసే దానికి పదింతల గసగసాలు. వాడు వణుకుతూ, చెమటలు కక్కుతూ, తిట్టుకుంటూ తిన్నాడు. మధ్యలో ఏడ్చాడు. ఆవిడ ముద్దలు కలిపి చిన్నప్పటిలా నోట్లో పెట్టింది. "తినరా నాన్నా, ఇంకో ముద్ద. ఎర్రగీత రావాలిరా" అని బతిమాలింది.

నాలుగో నాడు కేంద్రం గేటు దగ్గర ఇంత ఎర్రటి గీత వచ్చింది. కిట్టు చూసిన గుమాస్తా కుర్చీలోంచి లేచి, రిజిస్టరు తెరిచాడు.

"ఏం పదార్థం?"

"గసగసాలండి," అంది నూకరత్నం.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడ్రోజుల నుంచండి."

"మొదట ఎంత తీసుకున్నాడు?"

"రెండు గరిటెలండి. నిన్నయితే గిన్నె నాకేశాడండి."

గుమాస్తా విచారంగా తల పంకించాడు. "చెయ్యి దాటిపోయిన కేసు. నలభై రోజులు చాలవు, మూడు నెలలు రాస్తున్నాను. లోపలికి వెళ్లాక బయటి సరుకేదీ అందదు. గసగసాలు కాదు గదా, చుక్క దగ్గుమందు కూడా రానివ్వం."

నూకరత్నం గుమాస్తాకి దణ్ణం పెట్టింది. నాలుగు వాక్యాల అర్జీ పెట్టింది దీని కోసమే. కళ్లనిండా నీళ్లు వచ్చేశాయి.

"ఇంకో గడి ఉంది," అన్నాడు గుమాస్తా. "అలవాటు చేసింది ఎవరు?"

"నేనేనండి. నూకరత్నం. ఆడి అక్కని. గట్టిగా రాసుకోండి."

"రాస్తే నీ మీద కేసవుతుందమ్మా."

"అవనియ్యండి బాబూ. ఆ షాపాయన మీద అవ్వని కేసు ఎవరో ఒకరి మీద అవ్వాలి కదండి మరి."

గుమాస్తా రాసుకున్నాడు. దొరబాబు లోపలి తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. మొహం పీక్కుపోయి, కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి.

"అక్కా, ఆదివారం క్యారేజీ తెత్తావా?"

"తెత్తాన్రా."

"గసగసాలు లేకుండా తేవాలి! ఇది వ్యసన విముక్తి కేంద్రం!" అని గుమాస్తా అందరికీ వినపడేలా అరిచాడు. తలుపు మూసుకున్నాక ఆవిడ దగ్గరగా వంగి, అటూ ఇటూ చూసి, "నాకో చిన్న గిన్నెలో విడిగా, ముద్ద వేసింది పట్రా తల్లీ" అన్నాడు.